షుగర్ ఓకే

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు నన్ను ‘మన ఇంటి దూత’ అనే సీరియల్‌కు కంటిన్యుటీ చూడమని వేశారు. అప్పటికి ఆ పనిలో నాది ఇరవై ఏళ్లు దాటిన అనుభవం. అయితే నన్ను పిలిచింది అనుభవం చూసి కాదు. దర్శకుడు నరహరి గారు ఫోన్‌లో కారణం దాచకుండా చెప్పారు: “నువ్వు చర్చికి పోతవ్ గద కరుణా. దేవదూతల సంగతి మాకంటె నీకే ఎరుక.” ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మాట నిజమే గానీ దేవదూతలతో నాకు పరిచయం లేదని మనవి చేశాను. ఆయన అప్పటికే ఫోన్ పెట్టేశారు. అంటే ఉద్యోగం ఖాయమైనట్టు.

కంటిన్యుటీ అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్తాను. సీరియల్‌ను కథ వరుసలో తీయరు. గుమ్మం బయటి సన్నివేశం ఇవాళ తీస్తే, గుమ్మం లోపలిది వారం తర్వాత తీస్తారు. బయట ఎడమచేతిలో ఉన్న సంచి లోపలికి వచ్చేసరికి కుడిచేతికి మారకూడదు. బొట్టు సైజు, గడియారంలో ముల్లు, గ్లాసులో నీళ్ల మట్టం, ఎవరు ఎటు చూస్తున్నారు అన్నదీ, అన్నీ ఒకరు రాసిపెట్టుకోవాలి. ఆ ఒకరు నేనే. దర్శకుడి కింద కో-డైరెక్టరు, ఆయన కింద అసోసియేట్లు, వాళ్ల కింద అసిస్టెంట్లు ఉంటారు. నా హోదా అసోసియేట్. అన్నీ సరిగ్గా ఉన్నన్నాళ్లు నా పేరు ఎవరికీ గుర్తుండదు. ఏదైనా తప్పితే మాత్రం షెడ్డంతా నా పేరే వినిపిస్తుంది.

షెడ్డు అన్నాను కదా. నాచారం పారిశ్రామికవాడలో ఒకప్పుడు ఫ్యాను మోటార్లు తయారైన షెడ్డు అది. అందులో రెండంతస్తుల ఇంటి హాలు సెట్టు వేశారు. మెట్లెక్కితే గోడ తగులుతుంది. పక్కన మందుబిళ్లల కంపెనీ. దాని సైరన్ ఒంటిగంటకు కచ్చితంగా మోగుతుంది. మా ఇల్లు ఉప్పల్‌లో. పొద్దున్నే రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కితే, ఆ కంపెనీకి వెళ్లే పనివాళ్ల మధ్య ఇరుక్కుని, సీరియల్ గురించి వాళ్ల అభిప్రాయాలన్నీ ఉచితంగా వింటూ ఎనిమిదిన్నరకు చేరేదాన్ని.

కథ సులువైనదే. ఒక ఉమ్మడి కుటుంబం. అందులో ఎవరికి పెద్ద కష్టం వస్తే వాళ్లకు ఒక దేవదూత కనిపిస్తాడు. పక్కన నిలబడి దారి చెప్తాడు, కష్టం తీరగానే మాయమవుతాడు. మొదటి మీటింగులోనే నన్ను సలహాదారుగా కూర్చోబెట్టి, రెక్కలుండాలా వద్దా అని అడిగారు. చిన్నప్పుడు ఆదివారం బడిలో విన్న కథల్లో దూతలు చాలాసార్లు మామూలు మనుషుల్లాగే వచ్చేవారని చెప్పాను. నిర్మాత ముఖం వాడిపోయింది. రెక్కలు అప్పటికే చేయించారట. థర్మోకోల్ మీద తెల్లని ఈకలు అంటించిన ఆ జత ఒకసారి తొడిగి చూశాం. మా దూత తలుపులోంచి పక్కకు తిరిగి తప్ప రాలేకపోయాడు. దాంతో రెక్కలు కాస్ట్యూమ్ గదిలో మేకుకు ఎక్కాయి, దూతకు తెల్ల కుర్తా, తెల్ల పైజామా ఖాయమయ్యాయి.

దూత వేషం వేసిన నవీన్‌ది సిద్దిపేట వైపు ఊరు. పక్క మందుల కంపెనీలోనే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. టీ బండి దగ్గర నరహరి గారి కంటబడ్డాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లబట్టలు వేసుకుని కదలకుండా నిలబడటం అతనికి కంపెనీలోనే అలవాటు కావడంతో శిక్షణ అవసరం పడలేదు.

నిజమైన చిక్కు మరొకటి. కష్టంలో ఉన్న ఆ ఒక్కరికి తప్ప మిగతా వాళ్లకు దూత కనిపించకూడదు. మా సీరియళ్లలో ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు అందరూ చూడటం, చూసి ఆశ్చర్యపోవడం ఒక ఆచారం. ఒక్క డైలాగు పడిందంటే కెమెరా హాలులో ఉన్న ముఖాలన్నిటినీ వరుసగా చుట్టివస్తుంది. దాన్ని రౌండ్ అంటాం. అలా ఏళ్ల తరబడి అలవాటైన కళ్లను, గదిలో ఒక మనిషి నిలబడి మాట్లాడుతుంటే అటు తిరగకుండా ఆపడం అంత తేలిక కాదు. ఎవరు ఎటు చూడాలన్నది మా భాషలో లుక్. ‘దూతకు లుక్ ఇవ్వరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పైన అంటించాను.

నెలరోజుల్లో అందరికీ అలవాటైపోయింది. ఎంత అలవాటైందంటే భోజనాల దగ్గర కూడా ఎవరూ నవీన్ వైపు చూడటం మానేశారు. ఒకరోజు అతను కంచం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “అక్కా, పప్పు అడిగితె ఎవ్వలు ఏస్తలేరు. నేను నిజంగ కనపడుతున్ననా?” అని అడిగాడు. నేనే లేచి వడ్డించాను.

ఇక భ్రమరాంబ గారి సంగతి. ఆమె ఆ ఇంటి నాయనమ్మ. హాలులో సోఫా ఎడమ మూలన, చేతిలో జపమాలతో కూర్చోవడం ఆమె పాత్ర. డైలాగులు లేవు. వరంగల్ వైపు నాటకాల్లో పేరు తెచ్చుకుని హైదరాబాద్ వచ్చిన మనిషి. సీరియళ్లు మొదలైన రోజుల్లో ఆమె నోరు విప్పగానే యాస కుదరదన్నారు. అప్పట్లో తెలంగాణ మాట పనిమనిషికో, నవ్వించే పాత్రకో తప్ప ఇంటి పెద్దావిడ నోట పలికించేవారు కాదు. అందుకని ఆమెకు మాటలు లేని వేషాలిచ్చారు. ఆవిడ ఆ ముఖంతోనే ముప్ఫై ఏళ్లు నెగ్గుకొచ్చింది. రౌండ్‌లో కెమెరా ఆమె ముఖం మీదికి వచ్చేసరికి ఎడిటర్ మరో క్షణం ఎక్కువ ఉంచేవాడు. నాకు తెలిసి ఒక్క టేకు కూడా ఆమె వల్ల చెడలేదు. నా పుస్తకంలో ఆమె పేరు పక్కన రాయడానికి ఏమీ ఉండేది కాదు, అందుకే నేను ఆమెను పెద్దగా గమనించేదాన్ని కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నరహరి గారి గురించి ఒక్క విషయం చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఆయనకు షుగర్. ఒంటిగంటకు మాత్ర వేసుకుని అన్నం తినాలి, ఆలస్యమైతే చేతులు వణికేవి. పైగా ఒంటిగంటకు పక్క కంపెనీ సైరన్ మోగితే నిమిషం పాటు షూటింగ్ సాగదు. ఆ రెండింటి వల్ల, ఒంటిగంటకు ముందు తీసిన చివరి టేకు ఎలా ఉన్నా ఆయన “ఓకే, లంచ్” అనేవారు. పొద్దుటి నుంచి కనురెప్ప వాలిందని పదిసార్లు తీయించిన మనిషి, పన్నెండు యాభై ఎనిమిదికి సోఫా విరిగిపడినా ఓకే అనేవారు. యూనిట్‌లో దాని పేరు ‘షుగర్ ఓకే’. లైట్‌మెన్ మొదలుకొని అందరికీ ఈ సంగతి తెలుసు. ఆయనకు మాత్రం తెలియదు.

మూడో నెలలో ఛానల్ నుంచి కబురు వచ్చింది. ఇంట్లో మనుషులు ఎక్కువయ్యారు, రౌండ్‌కే సగం ఎపిసోడ్ అయిపోతోంది, ఒకరిని తగ్గించండని. మాటలు లేని మనిషి మీదికే అందరి చూపూ పోయింది. కథలో లీప్ వేయాలని నిర్ణయించారు. లీప్ అంటే ఒక్క ఎపిసోడ్‌లో కొన్నేళ్లు గడిచిపోవడం. ఆ గడిచిపోయిన ఏళ్లలో నాయనమ్మ కన్నుమూసి, గోడ మీద దండ వేసిన ఫోటో అయిపోతుంది. ఆమెతో ఒక్క సన్నివేశం కూడా తీయనక్కర్లేదు. ఫోటో ఒక్కటి ఉంటే చాలు. అది తెమ్మని నన్ను పురమాయించారు. అసోసియేట్ హోదాలో ఇలాంటి గౌరవాలు కూడా ఉంటాయి.

మేకప్ గదిలో ఆమె దగ్గరికి వెళ్లి, “అమ్మా, సార్ మీ ఫోటో ఒకటి కావాలన్నరు” అన్నాను, వీలైనంత మామూలుగా.

ఆమె అద్దంలోనే నన్ను చూసింది. “మామూలుదా, నవ్వు మొకందా?”

“నవ్వు మొకందే.”

“దండ ప్లాస్టిక్ పూలదా, గంధపు చెక్కదా?”

మా వృత్తిలో ముప్ఫై ఏళ్లున్న మనిషిని నవ్వుతున్న ఫోటో అడగడం, ఆమెకు తొలగింపు ఉత్తర్వు చేతికివ్వడం ఒకటే. ఆమే నన్ను ఓదార్చింది. “నువ్వేం జేస్తవ్ తియ్యి బిడ్డా. నాకు తిండికి ఫికర్ లేదు, మా చెల్లె ఇల్లు ఉప్పల్‌లనే ఉన్నది. గని ఇంట్ల కూసుంటె ఈ మొకాన్ని ఏం జెయ్యాల్నో తెల్వది. టీవీ ముంగట కూసుని గుడ టీవీలోళ్లకు రియాక్షన్ ఇస్తుంట. మా చెల్లె తిడతది.” అని సంచిలోంచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. ముందే దగ్గర పెట్టుకుని ఉంది. ఫోటోలో చాలా బాగుంది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఫోటోను ఫ్రేము కట్టించి, దండ వేసి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు సామాన్ల గదిలో పెట్టారు. లీప్‌కు వారం రోజులుంది. ఈలోగా తీయాల్సిన సన్నివేశాల్లో ఒకటి పెద్ద కొడుకుది. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడిన సంగతి ఇంట్లో దాచి, రోజూ అన్నం డబ్బా కట్టించుకుని బయల్దేరుతుంటాడు. ఆ రోజు హాలులో ఇంటిల్లిపాదీ కూర్చుని ఉండగా దూత సోఫా పక్కన మెట్టు మీద నిలబడి, “ఇప్పుడు చెప్పు. నీ మాట వినడానికే అందరూ కూర్చున్నారు” అంటాడు. పెద్ద కొడుకుకు మాత్రమే వినిపించాలి. నాయనమ్మ సోఫా మూలన జపమాల తిప్పుతూ కిందికి చూడాలి. ఇంతే.

ఈ మాత్రానికే ఆ రోజు ఆరు టేకులు పోయాయి. మొదటిది ఫ్యాను గాలికి దూత కుర్తా ఎగరడం వల్ల. నిజానికి ఎగిరితే తప్పేమిటో నాకు తెలియదు గానీ నరహరి గారికి నచ్చలేదు. రెండోది చిన్నకోడలి గాజు జారడం వల్ల. మూడో టేకులో ఒక ఈగ వచ్చి దూత ముక్కు మీద వాలింది. అతను విదిలించాడు. “ఈగకు గుడ కనపడుతున్నడా దూత? దానికేం కష్టమొచ్చిందో అడుగున్రి” అని నరహరి గారు మైకులో అరిచారు. నాలుగులో కరెంటు పోయింది. అయిదులో నవీన్ డైలాగు మరిచాడు. ఆరో టేకులో నేనే కట్ చెప్పించాల్సి వచ్చింది. దూత కాళ్లకు నీలం రంగు బాత్రూమ్ చెప్పులున్నాయి. ఎప్పటి నుంచి ఉన్నాయో తెలియదు. నరహరి గారు నా వైపు తిరిగి, “దూత కాళ్లు సూడు కరుణా. ఇగ నువ్వు వేరే ఏం సూడకు. గా కాళ్లే సూడు” అన్నారు.

దర్శకుడి ఆజ్ఞ కాబట్టి ఏడో టేకు మొదలైనప్పటి నుంచి చివరిదాకా నేను కాళ్లే చూశాను. కాళ్లు నిర్దోషంగా ఉన్నాయి. “ఓకే, లంచ్” అన్నారు నరహరి గారు. ఆ వెంటనే సైరన్ మోగింది. నేను పుస్తకంలో ఏడో టేకు ఎదురుగా టిక్ పెట్టాను. ఎడిటర్‌కు వెళ్లే రిపోర్టులో ఆ టిక్కే ప్రమాణం.

ఎపిసోడ్ శుక్రవారం ప్రసారమైంది. శనివారం పొద్దున్నే ఉప్పల్‌లో కూరగాయల దగ్గర నేను వాడుకగా కొనే యాదమ్మ, టమాటాలు తూకంలో వేయడం ఆపి, “ఏందక్కా, ముసలామెను సంపుతున్నరా?” అంది.

లీప్ సంగతి ఛానల్‌లో అయిదుగురికి, యూనిట్‌లో నలుగురికి మాత్రమే తెలుసు. ఎవరు చెప్పారని అడిగాను. “ఎవ్వలు జెప్పుడేంది, అందరం సూసినం గద. ముసలామె దూతను సూసింది, తలకాయ గుడ ఊపింది. తెల్లబట్టలేసుకొని ముసలోళ్లకు కనపడ్డడంటె ఎందుకొచ్చినట్టు? తీస్కపోనీకే గద. నేనైతె కీసరగుట్టకు మొక్కుకున్న, ఆమెకేం గావొద్దని.”

ఇంటికి పరుగెత్తి ఫోన్‌లో ఎపిసోడ్ చూశాను. నిజమే. దూత డైలాగు చెప్పగానే సోఫా మూలన నాయనమ్మ జపమాల ఆపింది. తల ఎత్తింది. నేరుగా దూత ముఖంలోకి చూసింది. ఎన్నాళ్ల నుంచో ఎరిగిన మనిషి గుమ్మంలోకి వస్తే చూసినట్టు చూసి, మెల్లగా తలాడించి, మళ్లీ జపమాలలో పడింది. మొత్తం రెండు సెకన్లు. నా వృత్తి జీవితంలో అంత స్పష్టమైన లుక్ తప్పు మరొకటి లేదు. దాని పక్కన నా టిక్కు ఉంది.

ఆదివారం చర్చిలో స్త్రీల కూటమి వాళ్లు ప్రార్థన అవసరతల జాబితా చదివారు. మోకాళ్ల నొప్పులవారు, పరీక్షలు రాసేవారు, ఆ తర్వాత ‘సీరియల్‌లో నాయనమ్మ గారు’. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను. సోమవారం నవీన్‌ను మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన ఆపి, “ఇయ్యాల ఎవర్ని తీస్కవోనీకొచ్చినవ్?” అని అడిగాడట. పాత మిత్రులను పలకరిద్దామని వెళ్లినవాడు అటునుంచే తిరిగొచ్చేశాడు.

నరహరి గారు ఎడిటింగ్ గదిలో ఉన్నారు. ప్రేక్షకులు ఇంత గమనించరు అన్నది ఆయన సిద్ధాంతం. నేను గ్లాసులో నీళ్ల మట్టం గురించి గొణిగినప్పుడల్లా ఆ సిద్ధాంతమే నా మొహాన కొట్టేవారు. ఆ రోజు అది ఆయన మొహాన తగిలింది కాబట్టి కోపం రెండింతలుంది. “పుస్తకం తే” అన్నారు. టిక్ చూశారు. “ఏం జూస్తున్నవ్ నువ్వు?”

“దూత కాళ్లు, సార్. మీరే సూడమన్నరు.”

ఆయన పుస్తకం మూసి నా వైపు తోశారు. తర్వాత సంజాయిషీ రాసివ్వమన్నారు. ఛానల్‌కు ఎవరో ఒకరి పేరు పంపాలి కదా. ఒక పేజీ రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆ ఛానల్‌లో నా పని అయిపోయిందనే అనుకున్నాను. భ్రమరాంబ గారిని కూడా పిలిచి అడిగారు. ఆమె చేతులు జోడించి, “కండ్లు మసకైనయ్ సారు. శుక్లాలంటున్నరు. ఎటు సూస్తున్ననో నాకే తెలుస్తలేదు” అంది. ఆ ముఖం చూస్తే రాయి కూడా కరుగుతుంది. నరహరి గారు, “సరే తియ్యమ్మా, ఎట్లనో ఈ వారంతోని అయిపాయె గద” అన్నారు.

బయటికి వస్తుంటే కాస్ట్యూమ్ గదిలో ఆమె ఊడిన జాకెట్టు హుక్కు కుట్టుకోవడం కనిపించింది. సూదిలోకి దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించింది. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. నేను చూశాను గానీ, నా బాధల్లో నేనుండి దాని గురించి ఆలోచించలేదు. చూసినదాన్ని ఆలోచించకపోవడం నా వృత్తిలో నేరం.

మధ్యాహ్నం మూడింటికి ఛానల్ నుంచి ఫోన్ వచ్చింది. నరహరి గారు లేచి నిలబడి మాట్లాడారు. “అవున్సార్... జనం అడుగుతున్నరా... నాయనమ్మ గురించా... మస్తుగనా?” ఆ తర్వాత ఆయన గొంతు మెల్లగా మారింది. “లేద్సార్, తప్పేం గాదు. అది నేనే పెట్టిన లుక్కు. ముందుగాల చెప్తె సస్పెన్స్ పోతదని చెప్పలే.” ఫోన్ పెట్టేసి, నా సంజాయిషీ కాగితం నా చేతిలోనే పెట్టి, చింపెయ్యమన్నారు. నేను చింపలేదు. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

లీప్ రద్దయింది. ‘నాయనమ్మకు దూత ఎందుకు కనిపించాడు?’ అని వారమంతా ప్రోమో వేశారు. దానికి జవాబు అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. రచయితను కూర్చోబెట్టి జవాబు రాయించారు. నాయనమ్మకు చిన్నతనం నుంచే దూత కనిపిస్తున్నాడు, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో వాళ్ల కష్టాలన్నీ ఆమెకు ముందే తెలుసు. ఇది చెప్పాలంటే నాయనమ్మ మాట్లాడాలి. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి భ్రమరాంబ గారికి అరపేజీ డైలాగు వచ్చింది.

రచయిత రాసింది పుస్తక భాష. “వచ్చితివా నాయనా, నీ కొరకే నిరీక్షించుచుంటిని” అన్న ధోరణి. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి, నరహరి గారి దగ్గరికి వెళ్లి, “సారు, నా తీరుగ జెప్పనా?” అని అడిగింది. ఆయనది నల్గొండ. ఇంట్లో మాట్లాడేది అదే భాష. అయినా ఆయన ఒక్క నిమిషం ఆలోచించాకే సరేనన్నారు.

కెమెరా తిరిగింది. నవీన్ సోఫా పక్కన మెట్టు మీద నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి చూసి, “వచ్చినవా బిడ్డా? ఎంతసేపని నిలవడతవ్, కాళ్లు గుంజుతయ్. జర కూసో” అంది. ఆ కూర్చోమన్నది కాగితంలో లేదు. నవీన్‌కు ఏం చేయాలో తోచక నిజంగానే కూర్చున్నాడు. దూత కూర్చోకూడదన్నది మా నియమాల్లో ఒకటి. నేను నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తర్వాత నాతో చెప్పాడు: “మూడు నెల్ల సంది ఈడ నిలవడుతున్న అక్కా. కూసో అన్నది ఆమె ఒక్కతే.” నరహరి గారు మొదటి టేకుకే ఓకే అన్నారు. అప్పుడు టైము పదకొండు పది. షుగర్‌తో సంబంధం లేని ఓకే అది.

ఆ తర్వాత మరో ఏడాదిన్నర సీరియల్ నడిచింది. కొన్నాళ్లు మాకు వేరే తలనొప్పి. నాయనమ్మకు కలిసొచ్చింది చూసి ఇంట్లో మిగతావాళ్లంతా దూతకు దొంగచాటుగా లుక్కులివ్వడం మొదలుపెట్టారు. రోజుకు నాలుగు టేకులు పోయేవి. “అక్కా, అందరు నన్నే సూస్తున్నరు, భయమైతున్నది” అని నవీన్ మొర. సీరియల్ ముగిశాక రెక్కలు మా చర్చికి ఇచ్చారు. క్రిస్మస్ నాటకంలో పిల్లలు ఒక్కో రెక్క ఒక్కొక్కరు పంచుకున్నారు.

నేను రిటైరైన నెలలో పాత కంటిన్యుటీ పుస్తకాలు సర్దుతుంటే ఆ రోజు పేజీ బయటపడింది. నాకు ప్రతి టేకుకు టైము రాసే అలవాటు. మధ్యలో ఆలస్యమైతే కారణం కూడా రాస్తాను. ఆరో టేకు పన్నెండు నలభై ఎనిమిది. ఏడోది పన్నెండు యాభై ఏడు. చెప్పులు మార్చడానికి తొమ్మిది నిమిషాలెందుకని పక్క గడిలో చూశాను. నా చేతిరాతే ఉంది: ‘చెప్పులు 2 ని. భ్రమరాంబ గారు చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు 7 ని.’

కూర్చుని ఉన్న మనిషికి, కాళ్లు ఫ్రేములో లేని మనిషికి, కుచ్చిళ్లతో ఏం పని? పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. ఆమె పేరున ఆలస్యం రాసిన చోటు అదొక్కటే. అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. కుచ్చిళ్లు సర్దుకుంటూ ఆమె నన్ను రెండుసార్లు అడిగింది, “టైమెంతయింది బిడ్డా” అని. ఆకలి వేస్తోందేమో పాపం అనుకుని నేను వాచీ చూసి నిమిషాలతో సహా చెప్పాను. రెండోసారి చెప్పగానే ఆమె కుచ్చిళ్లు వదిలేసి, “నేను రెడీ సారు” అంది.

పుస్తకం సంచిలో వేసుకుని ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లాను. ఉప్పల్‌లోనే, మా ఇంటికి పది నిమిషాల నడక. గోడ మీద ఆ నవ్వు ముఖం ఫోటో ఉంది. అదే ఫ్రేము, దండ మాత్రం లేదు. చెల్లెలు టీ తెచ్చింది. నేను ఆ పేజీ తీసి భ్రమరాంబ గారి ముందు పెట్టి, పక్క గడి మీద వేలు ఉంచాను. ఆమె కళ్లజోడు లేకుండానే చదివింది. మొదట పైనుంచి కిందికి, తర్వాత కిందినుంచి పైకి. పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

“నీ చేతిరాత ముత్యాలోలె ఉన్నది బిడ్డా” అంది.

నేను ఇంకేమీ అడగలేదు. ఆ పేజీని దిద్దలేదు కూడా. ఏడో టేకు ఎదురుగా టిక్ అలాగే ఉంది, ఇప్పుడు చూస్తే అది సరైన టిక్కే.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఏమైనా చెప్పమని అడుగుతుంటారు. ఆ ఉదంతం నాకు నేర్పింది రెండు విషయాలు. సెట్టులో మాటలు లేని ఆర్టిస్టు పేరు పుస్తకంలో మొదటి వరుసలో రాసుకోవాలి, ఎందుకంటే సెట్టులో అందరినీ గమనించే తీరిక ఉన్నది వాళ్లకే. రెండోది, ఎవరైనా టైమెంతయిందని అడిగితే చెప్పే ముందు ఎందుకని అడగాలి.